జగన్నాథపురం పాత ఇంట్లో వంటిల్లు బాగుచేయించుకున్న నా అనుభవం

కాకినాడ జగన్నాథపురంలో మా మామగారి తండ్రిగారు 1938లో కట్టించిన ఇంట్లో వంటిల్లు బాగుచేయించుకోవడానికి మాకు దాదాపు రెండేళ్లు పట్టింది. అందులో పని జరిగిన రోజులు తక్కువ. చేయించిన పనిని పీకించిన రోజులు, మళ్లీ మొదలుపెట్టడానికి ధైర్యం కూడగట్టుకున్న రోజులు ఎక్కువ. 2024 కార్తీకం వానలు దాటాక కూడా గోడ పొడిగా నిలబడిందన్న నమ్మకం మొన్ననే కుదిరింది కనుక, జరిగినదంతా గుర్తుండగానే రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. గానుగ సున్నంతో కట్టిన 18 అంగుళాల ఇటుక గోడలు, టేకు దూలాల మీద మద్రాసు టెర్రసు (సున్నంతో ఇటుకలు పేర్చి వేసిన పాతకాలపు పైకప్పు), 13 అడుగుల ఎత్తు, పైకప్పుకు కాస్త కిందుగా గోడలో రెండు గవాక్షాలు. వంటిల్లు ఆగ్నేయ మూలనే ఉంది కాబట్టి వాస్తు గురించి ఎవరితోనూ వాదించవలసిన అవసరం రాలేదు. ఉప్పుటేరు దగ్గరలోనే ఉండటంవల్ల పెరట్లో బోరు నీళ్లు నోట పెట్టుకోలేనంత ఉప్పన. 1994లో మా మామగారు వంటింటి గోడల సున్నం రాలుతోందని నేల నుంచి 5 అడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించి, కడిగితే శుభ్రపడేలా దాని మీద ఆయిల్ పెయింటు కొట్టించారు. మా కష్టాలకు మూలం ఆ 5 అడుగుల సిమెంటేనని తెలుసుకోవడానికి మాకు ఒక తుఫానూ, ఒక అవమానమూ కావలసి వచ్చాయి.

2023 ఫిబ్రవరిలో ఒక మాడ్యులర్ కిచెన్ షోరూముకు వెళ్లాం. విద్యుత్ లోడు పెంచుకోవడం వారంలో అయిపోయింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ఎంచుకోవడం అరగంట పని. షోరూము నుంచి వచ్చిన కుర్రాడు లేజరు యంత్రంతో కొలతలు తీసి, గోడ ఒక చివరి నుంచి రెండో చివరికి అంగుళమున్నర పక్కకు ఉందని, దాన్ని చెక్కపెట్టెల వెనక కప్పేస్తామని చెప్పాడు. ఆ గోడ మీద అరచేయి ఆనించి చూడలేదు. పైకప్పు కింద ఫాల్స్ సీలింగు వేయాలని, చిమ్నీ గొట్టానికి దూలం పక్కనే 6 అంగుళాల రంధ్రం కొట్టాలని పట్టుబట్టినప్పుడు మాత్రం నేను ఒప్పుకోలేదు. టేకు దూలాల చివరలు గోడలో దిగి ఉన్న చోట గాలి ఆడాలి, చెదలు పట్టాయేమో అప్పుడప్పుడూ చూసుకునే వీలుండాలి. ఫాల్స్ సీలింగు వేస్తే ఆ రెండూ పోతాయి. పైగా వేడి గాలి పైకెక్కి బయటికి పోయే గవాక్షాలు మూసుకుపోతాయి. అంతవరకు నాకు తెలుసు. తెలియనిది కింద ఉంది. 3,85,000 రూపాయల ఒప్పందం మీద సంతకం చేశాను. జూన్ నాటికి తెల్లగా మెరిసే వంటిల్లు వచ్చింది, చుట్టాలందరూ వచ్చి చూసి వెళ్లారు.

ఆ సంవత్సరం డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలి పెద్దగా తగలలేదు గాని వాన ముంచెత్తింది. పది రోజుల తరువాత సింకు కింది అర తలుపు తెరుచుకోవడం మానేసింది. బలంగా లాగితే అడుగు పలక అంచు నా చేతిలోకి ఊడి వచ్చింది. పైన తెల్లటి పొర, లోపల తడిసిన రంపపు పొట్టు. వేళ్లతో నలిపితే ఉప్మా రవ్వలా రాలింది. దాని వెనక గోడ మీద నల్లటి బూజు, బూజు పైన తెల్లని పొడి. వరసగా తెరిచి చూస్తే అయిదు అరలూ అదే స్థితిలో ఉన్నాయి.

ఆ తరువాత జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. ఊడిన ముక్కను సంచిలో వేసుకుని షోరూముకు వెళ్లాను. మేనేజరు నన్ను కూర్చోమనలేదు. మా ఫైలు తీసి, 11వ షరతు ఉన్న పేజీ నా ముందు పెట్టి, "మీరు లెక్చరర్ కదా మేడమ్, పైకి చదవండి" అన్నాడు. గోడ చెమ్మవల్ల కలిగే నష్టానికి సంస్థ బాధ్యత వహించదని అక్కడ ఉంది. నేను మనసులో చదువుకుంటుంటే, "పైకే చదవండి, మీరే సంతకం చేశారు కదా" అని మళ్లీ అన్నాడు. పక్క బల్ల దగ్గర కొత్త దంపతులు డిజైన్లు చూస్తున్నారు. ఆ అమ్మాయి ఒకప్పుడు ఇంటర్‌లో నా దగ్గర ఫిజిక్సు చదువుకున్న పిల్ల. నా గొంతు విని తలెత్తి, వెంటనే తల దించుకుంది. నేను ఆ షరతు పూర్తిగా చదివాను. ప్లైవుడ్ అని నోటితో చెప్పిన చోట, ఒప్పందంలో కింది అరలకు పార్టికల్ బోర్డు, అంటే రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, అని చిన్న అక్షరాలలో ఉన్న వాక్యాన్ని కూడా అప్పుడే మొదటిసారి చూశాను. "పాత ఇల్లు పడగొట్టి కట్టుకోండి మేడమ్, అప్పుడు వారంటీ ఇస్తాం" అన్న మాటతో నన్ను పంపించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోడలో చెమ్మ ఉందో లేదో చూడటం అమ్మేవాడి పని. చూడకుండా అమ్మి, చెమ్మ ఉంటే తమకు సంబంధం లేదని ముందే రాసి పెట్టుకోవడం వ్యాపారం కాదు, వంచన. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారుకు అన్యాయం చేసే ఒప్పందాల గురించి కూడా మాట్లాడుతుంది. నష్టం జరిగిన రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 1915కు ఫోను చేస్తే సలహా చెబుతారు. నేను ఊడిన ముక్కను, ఫొటోలను, ఒప్పందాన్ని జాగ్రత్తగా దాచి ఉంచాను. డబ్బుకన్నా ఆ మేనేజరు చేత నా ముందు ఆ షరతు చదివించాలన్నది నా పట్టుదల. అందులో నేను వెనక్కి తగ్గను.

ఇంటికి వచ్చాక ఏడుపు మింగుకుని, నాకు వచ్చిన శాస్త్రంతోనే మొదలుపెట్టాను. జానెడు చదరం అల్యూమినియం రేకును, వంటింట్లో చపాతీలు చుట్టే దాన్నే, గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు వదిలేశాను. రేకు పైవైపు తడి పడితే అది గదిలోని ఆవిరి; గోడవైపు తడి పడితే అది గోడలోంచి వచ్చిన నీరు. పైవైపు పొడిగా ఉంది, గోడవైపు నీటి చుక్కలు కట్టాయి. 26 ఏళ్లు నేను సన్నని గాజు గొట్టంలో నీరు పైకెక్కే బొమ్మను బోర్డు మీద గీసి కేశనాళికీయత పాఠం చెప్పాను. మా ఇంటి ఇటుక గోడ లోపల జరుగుతున్నది అదే. పునాదిలో చెమ్మను ఆపే పొర లేని పాత కట్టుబడి కావడంతో నేలలోని ఉప్పునీరు గోడలోకి ఎక్కుతోంది. సున్నపు పూత ఉన్నన్నాళ్లు ఆ నీరు పూతలోంచే ఆవిరై పోయేది. సిమెంటు, ఆయిల్ పెయింటు ఆ దారి మూసేసరికి నీరు ఇంకా పైకెక్కింది. నీరు ఆరిన చోటల్లా ఉప్పు స్ఫటికాలు పెరిగి పూతను లోపలి నుంచి తోస్తాయి; అందుకే పెచ్చులు ఊడతాయి. పైగా ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా గోడ చెమర్చి ఉంటుంది.

కారణం తెలిసింది గాని చేసేవాళ్లు దొరకలేదు. ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చారు. ఒకరు గోడకు రసాయనం కొట్టి మళ్లీ సిమెంటు వేస్తామన్నారు, ఇంకొకరు పైదాకా టైల్సు అంటిస్తే కనపడదన్నారు, మూడోవారు ఇల్లు పడగొట్టమన్నారు. చివరికి తాళ్లరేవు వైపు ఒక గుడి ప్రాకారం బాగుచేస్తున్న డెబ్బై ఏళ్ల మేస్త్రి గారి సంగతి తెలిసి, మా వారు వెళ్లి తీసుకొచ్చారు. ఆయన లోపలికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా తాపీ పిడితో గోడను కింది నుంచి పైకి తట్టుకుంటూ వెళ్లారు. 5 అడుగుల వరకు డొల్ల శబ్దం, ఆ పైన గట్టి శబ్దం. పెచ్చు వెనక పొడిని వేలితో తీసి నాలుక కొనకు తాకించుకున్నారు.

"ఉప్పండి అమ్మగారూ. గోడకి ఊపిరాడటం లేదండి. ఈ సిమెంటు ఎవరేయించారండి?"

మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "మా ఆయనే వేయించారు నాయనా" అన్నారు.

ఆయన ఒక్క క్షణం ఆగి, "అప్పట్లో అందరూ అలాగే ఏయించారు లెండమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గౌరవం కుదిరింది.

2024 ఫిబ్రవరిలో పని మొదలైంది. కొత్త అరలన్నీ విప్పించి, సిమెంటును ఇటుక కనపడేవరకు చెక్కించారు. ఇటుకల మధ్య మెత్తబడిన సున్నాన్ని అంగుళం లోతు గీకించారు. గోడను కడగనివ్వలేదు, కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుందట. రెండు రోజులకోసారి ఇటుకల మీద తెల్లగా ఉప్పు పూసేది, దాన్ని పొడి కుంచెతో దులిపి చేటలోకి ఎత్తి వీధిలో పారేసేవాళ్లం. అయిదు వారాలకు అది తగ్గింది. ఈలోగా బయట, గోడకు ఆనించి పోసిన పెరటి గచ్చును రెండడుగుల వెడల్పున తొలగించి కంకర నింపించారు, పగిలిన తూము మార్పించారు. ఈ బయటి పని చేయకుండా లోపల ఎన్ని పూతలు వేసినా ప్రయోజనం లేదు. మిగతా ముగ్గురిలో ఒక్కరు కూడా పెరట్లోకి తొంగి చూడలేదని ఇక్కడ చెప్పక తప్పదు.

సున్నాన్ని ముందే గుంటలో నానబెట్టి, ఒక పాలు సున్నానికి రెండు పాళ్ల గోదావరి ఇసుక, కొంత ఇటుక పొడి కలిపారు. ఇటుక పొడి కలిసిన సున్నం తేమలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు వాడారు. బోరు నీళ్లు ముట్టనివ్వలేదు; అంతా మునిసిపల్ కుళాయి నీళ్లే. రెండు పూతలు వేసి, వేడిగాలికి ఒక్కసారిగా ఆరి బీటలు ఇవ్వకుండా తడి గోనెలు వేలాడదీశాం. పైన సున్నం వెల్లే తప్ప పెయింటు లేదు. ఈ గోడ పనికి మొత్తం 72,000 రూపాయలు అయింది.

తరువాత వంటింటి అమరిక నేనే గీసుకున్నాను. ఆ కాగితం చూసి మేస్త్రి గారు ఒక్క కొలత కూడా మార్చలేదని చెప్పుకోవడం నాకు ఇష్టం. కింది అరలకు చెక్క వద్దనుకుని ఇటుక కాళ్ల మీద కడప బండలు పరిపించాను. గట్టుకు, గోడకు మధ్య రెండంగుళాల ఖాళీ వదిలి, పైన తీసి కడుక్కునే గ్రానైటు పట్టీ వేయించాను. తలుపులకు పాత బీరువా టేకునే వాడి, గాలి ఆడేలా పలకలను ఏటవాలుగా అమర్పించాను, మడతబందులు ఇత్తడివి. పొయ్యి వెనక టైల్సు గోడకు అంటించకుండా, అరంగుళం ఎడంగా స్టీలు రేకు నిలబెట్టాం. నూనె చిందినా తుడుచుకోవచ్చు, గోడకు గాలి తగులుతుంది. ఉప్పుగాలికి 304 రకం స్టీలు కూడా మచ్చలు పడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం ఖరీదు ఎక్కువైనా సింకుకు అదే తీసుకున్నాను. చెక్క తప్పనిసరి అయితే నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 ముద్రను పలక మీద మీ కళ్లతో చూడండి, నోటి మాట నమ్మకండి.

గొట్టం లేని చిమ్నీ నూనె జిడ్డును పడుతుందేమో గాని వేడిని, ఆవిరిని మళ్లీ గదిలోకే వదులుతుంది. మా ఊరి ఉక్కపోతలో అది పనికిరాదు. అందుకని ఒక గవాక్షంలో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించి, రెండోదానికి జాలీ వేయించాం. షోరూము వాళ్లు సందు లేకుండా మూసిన సిలిండరు అర స్థానంలో, నేల దగ్గర తెరిచి ఉన్న అర కట్టించాను. గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి లీకైతే కిందనే పేరుకుంటుంది. వైర్లకు సున్నపు గోడలో గాడి కొట్టనివ్వలేదు, పైపులు గోడ మీదుగానే వెళ్లాయి. మా అత్తయ్యగారు 84వ ఏట కూడా కత్తిపీట వదలరు గనుక తూర్పు కిటికీ కింద 14 అంగుళాల ఎత్తున ఒక తిన్నె కట్టించాం. షోరూము బొమ్మలో ఆమెకు చోటే లేదు.

నవంబరు నెలాఖరున అదే చోట మళ్లీ అల్యూమినియం రేకు అంటించాను. రెండు రోజుల తరువాత విప్పితే గోడవైపు పలచగా ఆవిరి మసక ఉంది, చుక్కలు లేవు. ఎక్కే నీరు ఎక్కుతూనే ఉంటుందని, ఇప్పుడు దానికి బయటికి దారి ఉందని మేస్త్రి గారు చెప్పారు. పూజగదిలో అదే 1994 నాటి సిమెంటు ఇంకా ఉంది. సంక్రాంతి వెళ్లాక దాన్ని చెక్కుతారు. అందుకు కావలసిన సున్నం పెరటి గుంటలో నిన్ననే పోయించాం. పొద్దున్న చూస్తే ఇంకా పొగలు కక్కుతోంది.