ప్రొబేషన్‌లో రెండేళ్ళు: నా అనుభవం

జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలినందుకు, బుద్ధిగా ఉంటానని కోర్టుకి రాసిచ్చిన నా బాండు గడువు మొన్న సోమవారంతో అయిపోయింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నా.

బండి పెట్టే చోటు దగ్గర గొడవలో చేతికందిన కర్రతో ఒకతన్ని కొట్టాను, అతనికి తలమీద నాలుగు కుట్లు పడ్డాయి. తప్పు నాదే, సమర్థించుకోవడానికి ఇది రాయడం లేదు. అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 324, మూడేళ్ళ దాకా జైలు పడే సెక్షన్. కేసు నాలుగేళ్ళు నడిచింది, వాయిదాల సంగతి వదిలేద్దాం. నేరం రుజువైందని జడ్జిగారు చెప్పిన రోజు మా లాయరు లేచి, ఇతనికిదే మొదటి కేసు, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద వదలండి అని అడిగారు. ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించమని జడ్జిగారు వాయిదా వేశారు. హమ్మయ్య అనుకున్నాను.

రిపోర్టు అంటే ఆఫీసుకు పిలిచి నాలుగు ప్రశ్నలు అడుగుతారనుకున్నా. ఒక మంగళవారం పొద్దున్న నేను డ్యూటీలో ఉండగా అధికారి మా వీధికి వచ్చారట. ముందు మా ఇంటికి కాదు, ఎదురింటికి. తర్వాత పక్కింటికి, ఆ తర్వాత మూలమీది కిరాణా కొట్టుకి. ఫలానా అతను ఎలాంటివాడు, తాగుతాడా, ఇంట్లో ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకుంటాడా, అప్పులున్నాయా? తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉంటున్నాం, నామీద కేసు ఉందని అప్పటిదాకా ఒక్కరికీ తెలియదు. సాయంత్రానికి చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఎదురింటి పిన్నిగారు "మంచోడేనండీ, కాకపోతే కోపం ఎక్కువ" అన్నారట. కొట్టిన కేసులో ఆ మాట! ఆ ఒక్క ముక్క మీద టెన్షన్‌తో నెలరోజులు సరిగ్గా నిద్రపోలేదు. వెళ్ళి అడుగుదామనుకున్నా, అడిగితే ఆవిడ మాటే నిజమైపోతుందని నోరు మూసుకున్నా.

మర్నాడు అధికారి నేను పనిచేసేచోట మా ఓనరు దగ్గరికి వెళ్ళారు. ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వారం తిరక్కుండా "క్యాష్ మా అబ్బాయి చూసుకుంటాడులే, నువ్వు గోడౌన్ చూడు" అన్నాడు. ఏడేళ్ళు క్యాష్ చూసినవాణ్ణి, రూపాయి తేడా రాలేదు, కావాలంటే ఇప్పటికైనా పుస్తకాలు తీసి చూసుకోవచ్చు. కర్రతో కొట్టినవాడు గల్లాపెట్టెలో చెయ్యి పెడతాడని ఏ లెక్కన అనుకున్నాడో మరి. మా అమ్మయితే చాలా రోజులు వీధి గుమ్మంలో కూర్చోవడమే మానేసింది.

నాకిప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. చట్టంలో 7వ సెక్షన్ ప్రకారం ఆ రిపోర్టు రహస్యం. జడ్జిగారికి సరే అనిపిస్తే అందులోని సారాంశం నాకు చెప్పొచ్చు, అంతే. నా గురించి రాసిన కాగితం నాకే రహస్యం, దానికోసం అడిగిన ప్రశ్నలు మాత్రం వీధంతటికీ బహిరంగం! ఆ అధికారి చెడ్డవాడని కాదు, ఆయన రిపోర్టు బాగా రాయబట్టే జైలు తప్పింది. కానీ ముందు మా ఇంటికొచ్చి ఓ పది నిమిషాలు నాతో మాట్లాడి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

మీకు ఈ పరిస్థితి వస్తే, రిపోర్టు అడిగిన రోజు సాయంత్రమే ఇరుగుపొరుగుకీ ఓనరుకీ మీరే చెప్పేయండి. పరువు ఎలాగూ పోతుంది, కనీసం మీ నోటితో పోతుంది. అద్దె అగ్రిమెంటు, జీతం కాగితం దగ్గర పెట్టుకోండి. మీకో, జామీను పడేవాళ్ళకో ఆ కోర్టు పరిధిలో స్థిరమైన ఇల్లో పనో ఉందని జడ్జికి నమ్మకం కలగాలి.

తర్వాతదంతా తేలికే. రెండేళ్ళ బాండు (చట్టప్రకారం మూడేళ్ళకు మించకూడదు), మా బాబాయి జామీను, దెబ్బ తిన్నతనికి 10,000 రూపాయల పరిహారం, ఏడాది పర్యవేక్షణ. నెలకోసారి వెళ్ళి సంతకం పెట్టాలి. పన్నెండుకి పన్నెండు వెళ్ళాను, ఒకసారి జ్వరంతో కూడా. నాతోపాటు వచ్చేవాళ్ళలో ఒక్కడు చూపించమనండి ఇలా. మా బావ "మొక్కలు నాటిస్తారా" అని ఎగతాళి చేసేవాడు. అది సమాజ సేవ శిక్ష, ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొన్ని చిన్న నేరాలకే పెట్టారు, నా కేసుకి సంబంధం లేదు.

ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షన్ చదివి మాత్రం బోల్తాపడకండి. దోషిగా తేలినందువల్ల వచ్చే అనర్హత మీకు అంటదని అందులో ఉంది నిజమే, అంతమాత్రాన నేరం రుజువైన సంగతి చెరిగిపోదు. 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ప్రభుత్వోద్యోగి మీద శాఖ చర్య తీసుకోవచ్చంది కూడా. కాబట్టి దరఖాస్తులో ఎప్పుడైనా దోషిగా తేలారా అని గడి ఉంటే "లేదు" అని కొట్టకండి, ఉన్నదున్నట్టు రాసి తీర్పు నకలు జతచేయండి.

ఆ నకలు కోసం మీరే కోర్టులో దరఖాస్తు పెట్టుకోండి. మా లాయరుగారి గుమాస్తా దానికి నా దగ్గర 2,000 పుచ్చుకున్నాడు, అసలు ఖర్చు ఎంత తక్కువో రెండోసారి నేనే వెళ్ళినప్పుడు తెలిసింది. మూడు కాపీలు తీసుకున్నా. ఒకటి ఓనరుకిచ్చాను. చదివాడో లేదో తెలియదు, నేనింకా గోడౌన్‌లోనే ఉన్నాను.