సగటు దాచిన సంగతి

కర్నూలు ఉల్లి మార్కెట్లో ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. టెస్టులన్నీ పాస్, బిల్లుకి సగటున అర సెకను, ఇంకేం కావాలి అనుకున్నా. మొన్న పొద్దున్నే వెళ్లి గుమాస్తా పక్కన స్టూలేసుకుని కూర్చుంటే తెలిసింది, రద్దీలో సేవ్ నొక్కాక స్క్రీన్ కదలదు, ఆయన మళ్లీ నొక్కుతాడు, ఒకే రైతుకి రెండు బిల్లులు.

"ఏంది సామీ, అప్పుడప్పుడు నిద్రపోతాది ఇది" అన్నాడు. పరువు పోయింది.

లెక్కేస్తే, 100 బిల్లుల్లో 95 పావు సెకనులో అయిపోయి, మిగతా 5 ఆరేసి సెకన్లు తిన్నా సగటు అర సెకను దగ్గరే ఉంటుంది! అందుకే ఇప్పుడు 99వ పర్సెంటైల్ చూస్తున్నా, అంటే వందలో 99 బిల్లులు ఎంత సమయంలోపు అయ్యాయో. అప్‌టైమ్, అంటే ప్రోగ్రామ్ ఆగకుండా నడిచే సమయం, కూడా అంతే, 99.9 శాతం అంటే గొప్పగానే వినిపిస్తుంది గానీ 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగిపోవచ్చని అర్థం, అవి సరిగ్గా వేలంపాట టైమ్‌లోనే పడితే నన్నెవరు కాపాడతారు?

సేవ్ రెండోసారి నొక్కిన ప్రతిసారీ లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ తనంతట తాను రాసుకునే చిట్టాలో, పడేలా పెట్టా. నిన్న ఏడు.