పెద్దోడి టీకా కార్డులో స్టిక్కర్లు

మా చిన్నపాపకు ఆరో వారంలో పెంటావాలెంట్ టీకా, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసేది, వేయించాల్సింది. నేను వేయించలేదు. జలుబు చేసిందని ఆశా అక్కతో అబద్ధం చెప్పి పంపించేశాను.

కారణం మా పెద్దోడు. వాడికి మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. వచ్చిన నాలుగు మాటలూ అప్పటికే పోయాయి. పదిహేనో నెల సూది తర్వాతే ఇలా అయిందని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. రెండో కాన్పుకు జనగామ దగ్గర మా అమ్మావాళ్ళ ఊరికి వచ్చాక, చుట్టం ఒకాయన వాట్సాప్‌లో వీడియో పంపాడు. సర్కారు టీకాల్లో పాదరసం ఉంటుందట, పిల్లల మెదడు పాడవుతుందట. పచ్చి బాలింతను, నిద్ర లేదు, పక్కన పెద్దోడు. ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

నాలుగు వారాలకు ఆశా అక్క ఏఎన్ఎం సిస్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాను. "దేనికి భయపడుతున్నవమ్మా?" అని అడిగి, పక్కన కూర్చుంది. చెప్పాను.

"పాదరసం ఉన్న మాట నిజమే" అంది సిస్టర్. "పెంటా సీసాలో పది డోసులుంటయి. సూది పదిసార్లు దిగుతది. క్రిములు చేరకుండా థియోమెర్సాల్ అని పాదరసం ఉన్న మందు కలుపుతరు, అందుకే తెరిచిన సీసా నాలుగు వారాలు వాడుకోవచ్చు."

అంతకుముందు హైదరాబాద్‌లో ఒక డాక్టర్‌ను ఇదే అడిగితే "అన్నీ పుకార్లు" అని చేయి ఊపేశాడు. ఉందని ఒప్పుకున్న మనిషి మాట వినాలనిపించింది.

పెద్దోడి టీకా కార్డు తీయమంది. మా ఆయన ఫొటోలు పంపాడు. వాడికి అన్నీ ప్రైవేటులో వేయించాం, కార్డు నిండా స్టిక్కర్లే. ఆ పేర్లతో ఫోన్‌లో కంపెనీల కాగితాలు వెతికి ఒక్కొక్కటే చదివాను. ఆరు జబ్బులకు కలిపి వేసిన టీకా ఒక్క డోసుదే, సిరంజిలోనే నింపి వచ్చింది. అందులో థియోమెర్సాల్ లేదు. అత్తమ్మ అనుమానపడే ఆ పదిహేనో నెల సూది ఎంఎంఆర్, అంటే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు వేసేది. అందులో అసలే ఉండదు. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా, ఈ మందు కలిపితే వైరస్సే చచ్చిపోతుంది. వాడు పుట్టిన రోజే ఆసుపత్రిలో వేసిన హెపటైటిస్ బి దగ్గర మాత్రం స్టిక్కర్ లేదు, టిక్కు ఒక్కటే ఉంది. దాని సంగతి తేలలేదు.

అయినా మా ఒక్కడి కార్డుతో ఏం తేలుతుంది? అందుకే ఇంకా చదివాను. అమెరికాలో 1999లో ముందుజాగ్రత్తగా టీకాల్లోంచి థియోమెర్సాల్‌ను తీసేయమన్నారు. 2001కల్లా, కొన్ని ఫ్లూ టీకాల్లో తప్ప, చిన్నపిల్లలకు మామూలుగా వేసేవాటిలోంచి పోయింది. ఆటిజం కేసులు తగ్గలేదు, పెరుగుతూనే పోయాయి. డెన్మార్క్‌లో 1992లోనే ఆపేశారు, అక్కడా అంతే. వీడియోలో భయపెట్టింది సముద్రపు చేపల్లో పేరుకునే మిథైల్ పాదరసం గురించి. టీకాలోది ఇథైల్ రకం, డోసుకు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది, ఒంట్లోంచి చాలా త్వరగా బయటికి పోతుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకున్నాను, ఇంటర్ బైపీసీ చదివి కూడా.

ఆ మందు లేకపోతే ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది. 1928లో ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌లో, ఇలాంటి మందేమీ కలపని డిఫ్తీరియా టీకా సీసాలో క్రిములు పెరిగి, దాంతో సూది వేయించుకున్న 12 మంది పిల్లలు చనిపోయారట. ఆ రాత్రి పాపను పక్కలో వేసుకుని చాలాసేపు మేలుకునే ఉన్నాను.

పెద్దోడి మొదటి పుట్టినరోజు వీడియో కూడా మళ్ళీ చూశాను. అందరం పేరు పెట్టి పిలుస్తుంటే వాడు తిరిగే ఫ్యాన్ వైపే చూస్తున్నాడు. పదిహేనో నెల సూదికి అది మూడు నెలల ముందు. అత్తమ్మకు చూపించాను. ఏమీ అనలేదు, ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

బుధవారం అంగన్‌వాడీకి తీసుకెళ్ళాను. తొడకు సూది, నోట్లో చుక్కలు, అరగంట కూర్చోబెట్టారు. రాత్రి ఒళ్ళు కాలింది, ఇచ్చిన మందు వేస్తే తెల్లారేసరికి దిగింది. ఆలస్యం చేశాను కాబట్టి మిగతా రెండు డోసులూ నాలుగేసి వారాలు వెనక్కి జరిగాయి.

తొమ్మిదో నెల నిండాక తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్ టీకాకు వెళ్ళాం. సిస్టర్ పొడి మందులో నీళ్ళు కలిపి, సీసా మీద పెన్నుతో టైం రాసింది. "దీంట్ల ఆ మందు లేదు గదా, నాలుగు గంటలే" అంది నా వైపు చూసి. తెలుసన్నాను.