బడి వేళకే వచ్చే కడుపునొప్పి

మావాడికి ఎనిమిదో తరగతిలో పట్టుకుంది. పొద్దున లేస్తూనే బొడ్డు చుట్టూ మెలిపెట్టేది. స్కూలు ఆటో వెళ్ళిపోయాక సర్దుకునేది, పదింటికల్లా ఇడ్లీ అడిగేవాడు. సెలవుల్లో ఊసే లేదు. ఆదివారం చీకటి పడితే మళ్ళీ మొదలు. ఇలాంటిదాన్ని దొంగనొప్పి అనేస్తారు. కానీ భయం పేగుల్ని కుదిపేస్తుంది, నొప్పి నిజంగానే వస్తుంది.

పిల్లల డాక్టరు ముందు అడిగినవి ఇవీ: నొప్పికి నిద్రలోంచి లేస్తున్నాడా, బరువు తగ్గాడా, విరేచనంలో రక్తం పడుతోందా, జ్వరం వస్తోందా? ఏవీ లేవు. మామూలు పరీక్షలు చేయించి, ఇక స్కాన్ల వెంట పడొద్దన్నారు. స్కాను తీసినకొద్దీ తనకేదో పెద్ద జబ్బుందని పిల్లాడు గట్టిగా నమ్ముతాడట. సైకాలజిస్టు మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే కింది సెక్షన్లో వేస్తారని ఒక భయం. అప్పుల మీద ఇంట్లో మా ఇద్దరికీ జరిగే గొడవ, తను లేనప్పుడు ముదురుతుందేమోనని ఇంకోటి. వాడు ఇంట్లో ఉండిపోయింది మాకు కాపలాగా!

వైద్యమంతా మెట్లు మెట్లుగా సాగింది. యూనిఫాం వేసుకుని గేటు దాకా. తర్వాత ఇష్టమైన సైన్సు పీరియడ్ ఒక్కటి. ఆపైన మధ్యాహ్న భోజనం దాకా, చివరికి పూర్తి రోజు. భయానికి పదికి ఎంతో వాడే మార్కులేసుకోవాలి. మూడుకి దిగాకే పై మెట్టు. దెబ్బతినేది ఎక్కడంటే, నొప్పి బాగా ఎక్కువైనప్పుడు ఇంటికి తెచ్చేయడం. పారిపోతేనే తగ్గుతుందని మనసుకు అలవాటైపోతుంది. అందుకే లైబ్రరీలో పది నిమిషాలు కూర్చుని మళ్ళీ క్లాసుకే వెళ్ళేలా టీచరుతో ఒప్పందం. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం రాత్రిపూట నెమ్మదిగా ఉన్నప్పుడే సాధన చేయించాలి. భయం ముంచుకొచ్చాక కొత్తగా నేర్పితే పట్టుబడదు.

ఇంట్లో ఉండిపోయిన రోజు తిట్లు లేవు, టీవీ, ఫోను కూడా లేవు. "ఇవాళ నొప్పుందా నాన్నా?" అని పొద్దున్నే అడగడం మానేశాం, అడిగితే వెతుక్కుని మరీ పట్టుకుంటాడు. అప్పు సంగతి దాచకుండా ఒక్క మాటలో చెప్పాం: "అది మేం చూసుకుంటాం, నీ పని కాదు."

స్కూలుతో మాట్లాడటానికి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు పనికొచ్చాయి. విశాఖపట్నం కేసొకటి విచారిస్తూ 2025 జూలైలో ఇచ్చినవి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. వందమంది, ఆపైన విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలి. సెక్షన్ మార్చబోమని స్కూలువాళ్ళు ఒప్పుకున్నాకే మెట్లు చకచకా సాగాయి.

మావాడికి మందులు అవసరం పడలేదు. కొందరికి పడతాయి, గుణం తెలియడానికి వారాలు పడుతుంది, సొంతంగా ఆపకూడదు. చచ్చిపోవాలనుందని పిల్లలు అంటే మాత్రం మెట్ల లెక్క పక్కనపెట్టి అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సంక్రాంతి సెలవుల తర్వాత నొప్పి మళ్ళీ తొంగిచూసింది. ఇది మామూలేనట. రెండు మెట్లు కిందికి దిగి, బడి తెరిచే ముందురోజే గేటు దాకా నడిపించుకొచ్చాం.