డీజిలు అనే మనిషి

పూతలపట్టు దగ్గర మా బావి గట్టు మీద మా అబ్బది డీజిల్ ఇంజన్ ఒకటి ఉండేది. హ్యాండిల్ తిప్పితే ముందు దగ్గి, నల్లపొగ వదిలి, ఆ తర్వాతే నీళ్లు తోడేది. డీజిలంటే కిరసనాయిలు మాదిరి ఒక సరుకు పేరనుకున్నా. మనిషి పేరని తెలిసింది తిరుపతిలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు.

రుడాల్ఫ్ డీజిల్. జర్మన్ తల్లిదండ్రులకు 1858లో పారిస్‌లో పుట్టినాడు. ఆయన ఇంజన్‌లో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో అది సరిగ్గా నడిచింది. పేరు ముందు ఇంజన్‌కు, తర్వాత అందులో పోసే నూనెకూ అంటుకునింది. ఆయన మాత్రం 1913 సెప్టెంబరులో ఇంగ్లండుకు పోతా ఓడలోంచి మాయమైనాడు. కొన్నాళ్లకు సముద్రంలో శవం దొరికింది. దూకినాడా, తోసినారా? ఇప్పటికీ తేలలేదు.

నాకు బాగా నచ్చిన సంగతి వేరే. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను చెనక్కాయ నూనెతో నడిపినారు. మా మెట్టచేన్లో పండే చెనక్కాయే! ఈ మాట జేజికి చెప్పినా.

"తాలింపుకే గరిటెతో కొలిచి పోస్తాండా, ఇంజన్‌కు పోసినారంటనా? వాళ్లింట్లో ఆడోళ్లు లేరా నాయనా?" అనింది.