కుగ్లర్ అంటే మనిషేనా?

కుగ్లర్ అనేది ఒక మనిషి పేరని మా అమ్మమ్మకి చాలాకాలం తెలియదు. ఆసుపత్రి పేరే అదనుకునేది. "నిన్ను కుగ్లర్లో కన్నానే" అనేది మా అమ్మతో, ఊరి పేరు చెప్పినట్టు. ఆవిడ తెనాలి దగ్గరి పల్లె నుంచి ఎడ్లబండిలో గుంటూరుకి పురిటికి వెళ్ళేనాటికి ఆ డాక్టరమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. గోడ మీద ఫొటో చూసి "ఎవరీ తెల్లావిడ?" అని అడిగితే నర్సులు నవ్వారట.

అన్నా సారా కుగ్లర్. 1856లో అమెరికాలో, ఫిలడెల్ఫియాకి దగ్గర్లోని ఆర్డ్‌మోర్‌లో పుట్టింది. 1879లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో డాక్టరు పట్టా పుచ్చుకుంది. కొన్నాళ్ళు మానసిక రోగుల ఆసుపత్రిలో, ఆడవాళ్ళ విభాగంలో పనిచేసింది. అప్పుడు ఇండియాలో ఉన్న ఒక లూథరన్ మిషనరీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లు కావాలి, మగ డాక్టరుకి చెయ్యి చూపించుకోవడం కన్నా చావే నయమనుకునే ఇళ్ళున్నాయి అని దాని సారం. ఆవిడ వెంటనే తమ సంఘం వాళ్ళ స్త్రీల మిషనరీ సొసైటీకి దరఖాస్తు పెట్టుకుంది.

వాళ్ళు సరేనన్నారు, కానీ డాక్టరుగా కాదు. సొసైటీ మొదలైంది 1879లోనే. చర్చి ఆడవాళ్ళ చిన్న చిన్న చందాలతో నడిచే వ్యవహారం. బడులంటే వాళ్ళకి తెలుసు, ఇళ్ళకి వెళ్ళి ఘోషా స్త్రీలకి చదువు చెప్పడమంటే తెలుసు. వైద్యం మొదలుపెట్టే ఉద్దేశం ఇంకా లేదు. కాబట్టి టీచరుగా వెళ్ళమన్నారు. 1883 ఆగస్టులో ఓడెక్కి, ఆ ఏడాది చివర్లో గుంటూరు చేరింది. కాగితం మీద పని ఆడపిల్లల బడులు, ఇళ్ళలో బోధన.

మా చర్చి స్త్రీల సమాజంలో కుగ్లర్ గురించి చెప్పేవాళ్ళంతా ఇక్కడ గబగబా దాటేస్తారు. సుఖాలు వదిలేసి వచ్చింది, సేవ చేసింది, ఇక్కడే కన్నుమూసింది, మనమూ అలా ఉందాం, ప్రార్థన చేద్దాం. నాకు ఆ వరస విసుగు. ఆవిడ త్యాగం సంగతేమో గానీ మొండితనం మాత్రం నాకు చాలా ఇష్టం. పొమ్మన్న పనికి పోయింది, చెప్పమన్న పాఠం చెప్పింది, మధ్యలో నాడి చూసింది. పాఠం చెప్పడానికి వెళ్ళిన ఇంట్లో బాలింత మూలుగుతుంటే పలకా బలపం పట్టుకుని కూర్చునే రకం కాదు. తానుండే ఇంటికీ రోగులు రావడం మొదలైంది. రెండేళ్ళు తిరిగేసరికి, 1885 చివరికి, సొసైటీయే దిగొచ్చి ఆవిడని వైద్య మిషనరీగా నియమించింది. అప్పటికే చేస్తున్న పనికి అనుమతి ఇవ్వడమన్నమాట.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అన్నా ఇటు బయల్దేరిన 1883లోనే ఆనందీబాయి జోషి కలకత్తాలో ఓడెక్కి అటు వెళ్ళింది, డాక్టరు చదువుకి, సరిగ్గా అదే కాలేజీకి. 1886లో పట్టాతో తిరిగొచ్చి, 1887 ఫిబ్రవరిలో క్షయతో పుణేలో చనిపోయింది. ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఆనందికి ఇంకో ఇరవై ఏళ్ళు ఉండి ఉంటే, మన ఆసుపత్రుల పేర్లు ఇంకోలా ఉండేవేమో!

తర్వాత డిస్పెన్సరీలు, 1893లో వాటికో సొంత భవనం, 1898లో ఆసుపత్రి. దేనికీ ముందే డబ్బు సిద్ధంగా లేదు, సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడల్లా అడిగి తెచ్చుకోవడమే. ఏలూరు రాజావారి భార్యకి ఇక్కడ వైద్యం జరిగితే, ఆ కృతజ్ఞత కొద్దీ ఆయన ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించాడు. బ్రిటిష్ ప్రభుత్వం ప్రజాసేవకి ఇచ్చే కైజర్-ఎ-హింద్ పతకం కూడా వచ్చింది. 1930 జులైలో గుంటూరులోనే పోయింది.

ఇదంతా నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ. 1950ల్లో మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ అయింది. ఆవిడ చెప్పే కథల్లో కుగ్లర్ తక్కువ, గాజు సిరంజీలు ఎక్కువ. గుడ్డలో చుట్టి గిన్నెలో ఉడకబెట్టేవాళ్ళట. ఒకటి పగిలితే జీతంలో కోత. గంజి పెట్టిన తెల్లచీర మోచేతులకి ఒరుసుకుని ఎర్రగా కమిలేదట. పొద్దున్నే రౌండ్స్‌కి ముందు వార్డులో ప్రార్థన. "ప్రార్థన వినకపోతే మందిచ్చేవాళ్ళు కాదా?" అని ఒకసారి అడిగాను, కాలేజీ రోజుల తెలివితో. "ప్రార్థన చెవికి, మందు నోటికి. చెవులు మూసుకున్నవాళ్ళకీ నోట్లో పోశాం" అంది. మతం మార్చడానికే ఆసుపత్రులు పెట్టారనేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. మార్చాలనే ఆశ వాళ్ళకి లేదని మాత్రం అనను. ఉంది, దాచుకోలేదు కూడా.

కానీ పెద్దమ్మ ఎక్కువగా చెప్పుకున్నది ఇంకోటి. తన ఊళ్ళో మంచినీళ్ళ బావి దగ్గరకి ఆవిడ కులంవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. అదే ఊరి పెద్దింటి కోడలు ఆసుపత్రికొచ్చి, రెండు రోజుల నొప్పుల తర్వాత ఈవిడ చేతుల్లోనే కన్నది. బిడ్డ ఏడవగానే ఆ అమ్మాయి పెద్దమ్మ మణికట్టు పట్టుకుని వదల్లేదట. బయట అత్తగారు మాత్రం నీళ్ళు తన చెంబుతోనే తెచ్చుకుంది. "చెంబు ఆవిడది, మనవడు నా చేతిలో" అని పడీ పడీ నవ్వేది పెద్దమ్మ.

మిషన్ చరిత్రల్లో ఇలాంటి చేతుల సంగతి రాదు. దొరల భార్యల పనే పనిగా లెక్కలోకి రాని రోజులవి. మిస్సమ్మలకైనా, అంటే పెళ్ళికాని మిషనరీ ఆడవాళ్ళకైనా, జీతం, పేరు ఉండేవి. ఒంగోలు ప్రార్థన కొండ కథ తీసుకోండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున కొండెక్కి ప్రార్థించింది బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు అంటాం. ఎక్కింది అయిదుగురు. జూయెట్, ఆయన భార్య యూఫీమియా, నర్సు అనే పేరున్న తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు. అంటే అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. చీకట్లో, ఆ రాళ్ళ మీద, చీరలతో ఎక్కారు.

ఆ ఒంగోలుకే తర్వాత ఇంకో మిషనరీ, క్లౌ దొరగారు వచ్చారు. 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన కథ మన ఇళ్ళలో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఎవరో మాత్రం తెలియదు. 1882లో మిస్సమ్మగా ఒంగోలు వచ్చింది, 1894లో ఆయన్ని పెళ్ళాడింది. స్విట్జర్లాండులో బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కూడా చేసింది. దేని మీదో తెలుసా? స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద! క్లౌ ఆత్మకథ అని మనం చెప్పుకునే 1914 నాటి పుస్తకం రాసిపెట్టింది కూడా ఈవిడే. ఆయన పేరు కింద, ఆయన కోసం భార్య రాసినదని అచ్చులో ఉంది.

నాకైతే 1899లో ఎమ్మా తన పేరుతోనే వేసుకున్న పుస్తకం ఇంకా ఇష్టం. ఇంగ్లీషు పేరుని మన మాటల్లో పెడితే 'చెప్పులు కుడుతూ' అని. మాదిగ పెద్దలు నోటితో చెప్పినవి విని రాసింది: వాళ్ళ దేవత మాతంగి కథలు, గురువులు, కరువు, వాళ్ళలో తొలి క్రైస్తవ విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారానికి ఊళ్ళు తిరిగిన తిరుగుళ్ళు. కొన్నిచోట్ల దొరసాని చూపే, కాదనను, పళ్ళు కొరుక్కుంటూ చదవాలి. అయినా ఒంగోలు, కనిగిరి వైపు వాళ్ళయితే చదవండి, మీ ముత్తాతల ఊరు అందులో కనపడొచ్చు. కాపీరైటు ఎప్పుడో అయిపోయింది, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.