ఆబ్సింత్ లాగ్: పచ్చరంగు నిలవట్లేదు

ఆబ్సింత్ అంటే వర్మ్‌వుడ్ అనే చేదు మూలికతో దింపే ఘాటైన మద్యం. నేను కాచినదానితో మళ్లీ అదే కథ! వడగట్టిన రాత్రి పచ్చగా మెరిసిపోయిన సీసా వారం తిరిగేసరికి డికాక్షన్ రంగుకి దిగింది. రుచికి వంక పెట్టేదేం లేదు. చల్లటి నీళ్లు పోస్తే చిక్కగా తెల్లబడుతోంది కూడా. గొడవంతా రంగుతోనే.

ఫార్ములా 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని పాంటార్లియే ఊళ్లో వాడినది, నూరో వంతుకి తగ్గించాను. వర్మ్‌వుడ్ 25 గ్రాములు, అనీస్ 50, సోంపు 50, 85 శాతం ఆల్కహాల్ 950 మిల్లీలీటర్లు. బట్టీ దిగాక అందులోంచి 400 మిల్లీలీటర్లు తీసి చిన్న వర్మ్‌వుడ్ (అదే జాతిలో ఇంకో రకం) 10 గ్రాములు, హిస్సప్ 10, లెమన్ బామ్ 5 వేసి రంగు దిగేలా వెచ్చబెట్టడం, తర్వాత అంతా కలిపి 74 శాతానికి తేవడం. (నేనుండే న్యూజిలాండ్‌లో సొంతానికి కాచుకోవడం 1996 నుంచి చట్టబద్ధం. ఇండియాలో ఉన్నవాళ్లు చదివి ఊరుకోండి.)

పచ్చదనమంతా ఆకుల్లోని క్లోరోఫిల్. వేడికో ఆమ్లానికో దాంట్లోని మెగ్నీషియం ఊడిపోతే ఆలివ్ రంగు, ఆ తర్వాత గోధుమ. వేడి అనుకుందామంటే వాటర్ బాత్ 55 డిగ్రీలు దాటలేదు. వెలుతురు అనుకుని ఒక జాడీకి ఫాయిల్ చుట్టి అలమరలో పెట్టాను, ఇంకోటి కిటికీలో. కిటికీలోది ముందు పోయింది నిజమే, కానీ అలమరలోదీ ఆగలేదు. మూతదాకా నింపి గాలి లేకుండా చేసినా తేడా కనబడలేదు. ఆల్కహాల్ 70కి పైనే ఉంది, పలచబడి చెడిందనడానికి లేదు.

ఆఖరికి మూడు ఆకుల్నీ విడదీశాను. వంద మిల్లీలీటర్ల చొప్పున మూడు జాడీలు: హిస్సప్ రెండున్నర గ్రాములు, చిన్న వర్మ్‌వుడ్ రెండున్నర, లెమన్ బామ్ ఒకటింబావు. హిస్సప్ ఇప్పటికీ పచ్చగానే ఉంది. వర్మ్‌వుడ్ కాస్త మసకబారింది. లెమన్ బామ్ మాత్రం మూడో రోజుకే ఆలివ్! కొన్న ప్యాకెట్టు విప్పినప్పుడే ఆకు బూడిద రంగులో ఉంది, వాసనా అంతంతే. ఎండలో ఆరబెట్టిన సరుకని నా అనుమానం. ఆకులోని ఆమ్లం కూడా కారణం కావచ్చు. పీహెచ్ పట్టీలతో చూద్దామంటే, ఇంత ఆల్కహాల్‌లో అవి చెప్పేది నేను నమ్మను.

రాగి లవణం చిటికెడు వేస్తే రంగు కదలదు. అప్పట్లో చౌకరకం వాళ్లు చేసిన పని అదే, అది విషం. ఆబ్సింత్‌కి చెడ్డపేరు రావడంలో ఇలాంటి కల్తీ పాత్ర తక్కువేం కాదు, నింద మాత్రం వర్మ్‌వుడ్‌లో ఉండే తూజోన్ అనే పదార్థం మీద పడింది. నిషేధానికి ముందు నాటి 13 సీసాల్ని పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో తూజోన్ సగటున లీటరుకి 25 మిల్లీగ్రాములే. ఇప్పటి యూరప్ పరిమితి కిలోకి 35!

నిషేధం 1910లో స్విట్జర్లాండ్‌లో, 1915లో ఫ్రాన్స్‌లో వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని వాల్-ద-త్రావేర్ లోయవాళ్లు ఆపారా? పచ్చగా ఉంటే దొరికిపోతామని రంగు వేయకుండా తెల్లగానే దింపుకుంటూ 2005 దాకా నెట్టుకొచ్చారు. చట్టం మారాక ఆ దొంగసరుకే దర్జాగా అంగడికెక్కింది. ఆ లోయలోని కూవేలో తయారయ్యే లా క్లాండెస్టీన్ బ్రాండ్ ఆ బాపతే, నాకు తెల్లవాటిలో అదే ఇష్టం. ఆబ్సింత్‌లో తడిపిన చక్కెరకి నిప్పంటించే చెక్ దేశపు తంతు మాత్రం చూడలేను. 1990ల్లో బార్లవాళ్లు పెట్టిన ఫ్యాషన్ అది, చక్కెర మాడిన వాసన తప్ప ఇంకేం మిగలదు.

తెల్లగా వదిలేయొచ్చు కదా అని మా ఆవిడ సలహా. ఇంకొక్కసారి చూస్తాను. కుండీలో లెమన్ బామ్ గుబురుగా వచ్చింది, నీడలో ఆరబెట్టి ఈసారి రెండున్నర గ్రాములే వేస్తా, తగ్గినంత హిస్సప్ పెంచుతా. వర్మ్‌వుడ్ పొదని చవితి దాటేదాకా ముట్టుకోవడానికి లేదు. మాచీపత్రికి దగ్గర చుట్టమని ఇక్కడి తెలుగువాళ్లు పత్రికి కోసుకెళ్తారు. దవనంతో ఒక సీసా చేయాలనీ ఉంది, అదీ ఈ జాతిదే. ఇక్కడ దవనం మొక్క ఎవరి పెరట్లోనైనా ఉంటే చెప్పండి, ఒక రెమ్మ చాలు.